సుంకులమ్మ చేనిలో జింకలు లేవు

మోదుగాకును నిలువుగా చీల్చి, ఆ చీలికను రెండు బొటనవేళ్ల నడుమ బిగించి, సరైన శ్రుతిలో ఊదితే, ఎంత దట్టమైన అడవిలో ఉన్న జింకైనా మేత మాని నడిచి వచ్చి, ఊదినవాని ముందు తల వంచి నిలబడుతుందని పావురాలకోన చుట్టుపక్కల ప్రతివారూ నమ్ముతారు. పూర్వం ఈ విద్య తెలిసిన వేటగాళ్లు ఉండేవారనీ, వారికి తుపాకీతో పనే ఉండేది కాదనీ, జింక మెడకు తాడు కట్టి ఇంటికి నడిపించుకొని వచ్చేవారనీ చెబుతారు. నేను ఈ విషయమై కొంత విచారించాను. నక్కలవాగులో అడిగితే, కళ్లారా చూసినవాడు పక్క ఊరిలో ఉన్నాడన్నారు. పక్క ఊరిలో అడిగితే, నక్కలవాగులోనే ఉన్నాడన్నారు. ఆ రెండు ఊళ్ల మధ్య దారిలో నాకు ఎవరూ తగలలేదు.

ఇటువంటి నమ్మకాలు సాధారణంగా నిరపాయకరమైనవి. వాటిపై ప్రభుత్వ ముద్ర పడనంత వరకు ఎవరికీ నష్టం ఉండదు.

ఆ ముద్ర వేసినవారు పావురాలకోన డివిజనల్ అటవీ అధికారి పరాంకుశం గారు. ఆయన మంచివారు, కష్టజీవి, ఏ పనినైనా పథకంగా మార్చితే తప్ప నిద్రపోనివారు. ఆ ఏడు వానాకాలంలో ఆయనను శిక్షణ నిమిత్తం ఒక చల్లని దేశానికి పంపారు. అక్కడ జింకల వేటకు అనుమతి ఉంది. వేటగాళ్లు పొదల్లో దాగి, రకరకాల కూతలతో జింకలను దగ్గరకు రప్పించుకుంటారు. పరాంకుశం గారు తిరిగి వస్తూ ఒక పెట్టె తెచ్చారు. అందులో మగజింకలా గుర్రుమనే గొట్టం, నొక్కితే పిల్లజింకలా అరిచే రబ్బరు బుడ్డి, రెండు మగజింకలు పోట్లాడుకుంటున్నట్లు వినిపించేందుకు ఒకదానితో ఒకటి తాటించవలసిన ప్లాస్టిక్ కొమ్ముల జత ఉన్నాయి. వాటిని వాడే విధం తెలిపే చిన్న పుస్తకం కూడా ఉంది. మన దేశంలో జింకను వేటాడటం నేరం గనుక ఆ పెట్టెతో ఏం చేయాలో ఆయనకు మొదట తోచలేదు. తోచేలా చేసింది సుంకులమ్మ.

సుంకులమ్మది నక్కలవాగు. భర్త లారీ మీద దేశాలు తిరుగుతుంటే సేద్యమంతా ఆమే చూసుకొనేది. ఆమె శనగచేను సరిగ్గా అడవి అంచున ఉంది. కిందటి ఏడు మొలకెత్తిన శనగను జింకల మంద ఎంత శ్రద్ధగా మేసిందంటే, చేను చెక్కిన బల్లలా మిగిలింది. ఈ ఏడు కూడా అలాగే అయితే చేనును మరిదికి కౌలుకిచ్చి, తాను గుంటూరు మిరప తోటలకు కూలికి పోవలసి వస్తుంది. ఆమెకు మరిదికి చేనివ్వడం ఇష్టం లేదు, మిరప ఘాటూ పడదు. అందుచేత అడవి అంచున కంచె వేయించమని అటవీ శాఖకు అర్జీ పెట్టుకుంది.

అర్జీని పరిశీలించడానికి డివిజన్ కార్యాలయంలో సమావేశం జరిగింది. ఇటువంటి సమావేశంలో విషయ నిపుణుడు ఒకరు ఉండి తీరాలని నియమం ఉంది. కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసి, ఊళ్లో ఖాళీగా తిరుగుతున్నవాడిని నేనొక్కడినే కనుక, ఆ స్థానం నాకు దక్కింది.

"కంచె యేపిస్తే సాలు సార్," అంది సుంకులమ్మ. "అది గాదంటే, రేకుడబ్బా కొట్టి నేనే తోలుకుంటా. మునుపు మా నాయన అట్లనే తోలుతాండె."

"డబ్బా కొట్టరాదు," అన్నారు పరాంకుశం గారు. "వన్యప్రాణులకు శబ్దము ద్వారా మానసిక క్లేశము కలిగించరాదని స్పష్టమైన ఉత్తర్వు ఉంది. అయితే తోలడం క్లేశము. పిలవడం క్లేశము కాదు. కావున శాఖ జింకలను మీ చేనిలోంచి తోలదు, అడవిలోకి సగౌరవంగా పిలుస్తుంది."

"పిలిస్తే వస్తాయా?"

"పిలవవలసిన పద్ధతిలో పిలిస్తే వస్తాయి. మీ ఊరి పెద్దలందరూ అదే చెబుతున్నారు కదా. ఆ దేశంలో పిలిచి చంపుతున్నారు. మనం పిలిచి కాపాడబోతున్నాం."

హాలంతా చప్పట్లు కొట్టింది. సుంకులమ్మ చప్పట్లు కొట్టలేదు. "మా ఆయన్నే పిలిస్తే రాడు," అని మాత్రం నా వైపు తిరిగి మెల్లగా అంది.

నేను ఆ చిన్న పుస్తకాన్ని అడిగి తీసుకొని చదివాను. అది బుద్ధిమంతులు రాసిన పుస్తకమే. జోడు కట్టే కాలంలో తప్ప కూతలకు పెద్దగా ఫలితం ఉండదని అందులో ఉంది. గాలి జింక వైపు నుంచి మన వైపు వీచేచోట కూర్చోవాలనీ, లేకుంటే కూత చెవికి చేరేలోగా మన వాసన ముక్కుకు చేరుతుందనీ ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకసారి మెత్తగా కూసి చాలాసేపు మౌనంగా ఉండాలనీ, పదే పదే కూసేవాడు జింకను పిలవడం లేదనీ, తానెక్కడ ఉన్నాడో దానికి చెప్పి పంపిస్తున్నాడనీ ఉంది. ఈ చివరి మాటను పరాంకుశం గారికి చదివి వినిపించాను.

ఆయన జాగ్రత్తగా విన్నారు. "మాస్టారూ, కూత కూశాక చాలాసేపు మౌనం అన్నారు. ఆ సమయంలో సిబ్బంది ఏం చేస్తున్నట్టు?"

"ఏమీ చేయరు. కూర్చుంటారు."

"ఆ పనికి శాఖలో పద్దు లేదండీ. కూత ఉంటే దాన్ని లెక్కించవచ్చు. మౌనాన్ని ఏ కాలమ్‌లో వేయమంటారు? ఆడిటువారు వచ్చి, ఇంతమంది జీతం తీసుకొని చెట్టు కింద ఊరకే కూర్చున్నారా అంటే నేనేం జవాబు చెప్పాలి?"

నేను పుస్తకం మూసి తిరిగి ఇచ్చేశాను. కాబట్టి ప్రతి ఉద్యోగీ గంటకు ఇన్ని కూతలు కూయాలని లక్ష్యం విధించారు. కూతలు కార్యాలయ వేళల్లో మొదలై భోజన విరామంతో సాగాలన్నారు. గాలి విషయంలో మాత్రం శాస్త్రాన్ని గౌరవించారు. "విధి నిర్వహణ సమయమందు గాలి తూర్పు నుండి పడమరకు వీచుచున్నట్లు భావించవలెను" అని ఉత్తర్వు వెలువడింది. గాలికి దాని ప్రతి పంపారో లేదో నాకు తెలియదు.

పెట్టెలోని సామాను నమూనాగా దళాలకు సరిపడా చేయించాక, కూసేవారి ఎంపిక జరిగింది. పరీక్షకులుగా పరాంకుశం గారు, ఒక సంగీత ఉపాధ్యాయుడు, జిల్లా లెక్కల అధికారి కూర్చున్నారు. సంగీత ఉపాధ్యాయుడు శ్రుతి చూశాడు. లెక్కల అధికారి క్రమశిక్షణ చూశాడు. పరీక్షకుల్లో జింక లేదు. బీట్ అధికారి మద్దిలేటి గొట్టం అందుకొని ఊదినప్పుడు, మంద తప్పిన మగజింక ఒంటరితనం హాలంతా నిండిందని ముగ్గురూ ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు. పరాంకుశం గారి కళ్లు చెమర్చాయి. మద్దిలేటి ప్రథముడయ్యాడు, తూర్పు దళానికి నాయకుడయ్యాడు. కొండకు ఆవలి వైపు పడమటి దళాన్ని నిలిపారు. దాగిన చోటు నుంచి కదలరాదనీ, ఒక దళం ఉనికి మరొక దళానికి తెలియరాదనీ, వచ్చిన ప్రతి జవాబునూ రాసుకోవాలనీ ఆదేశాలు జారీ అయ్యాయి.

పథకం మొదటి రోజు నుంచే విజయవంతమైంది. పిలిచిన ప్రతిసారీ జవాబు వచ్చింది. గుర్రుమంటే గుర్రుమని, పిల్లకూతకు పిల్లకూతగా, కొమ్ముల చప్పుడుకు కొమ్ముల చప్పుడుగా కొండంతా మారుమోగింది. సమీక్షా సమావేశంలో మద్దిలేటి ముఖం వెలిగిపోతోంది.

"అది మామూలు జింక కాదు సార్," అన్నాడు. "నేను రెండుసార్లు గుర్రంటే అదీ రెండుసార్లు గుర్రంటాది. నేను దగ్గితే అదీ దగ్గుతాది."

"దగ్గుతుందా?" అన్నాను.

"ఈ మంచుకు పాపం దానికీ రొంప పట్టినట్టుంది అయ్యోరా. సంగటి తినే యాళకు మాత్రం గమ్మునుంటాది. మర్యాద తెలిసిన జీవం."

నాకు అనుమానం కలిగి, మరునాడు పడమటి దళంతో కలిసి పొదలో కూర్చున్నాను. మావాళ్లు కూశారు. కొండకు తూర్పు వైపు నుంచి జవాబు వచ్చింది. ఆ జవాబు చివర దగ్గు వినిపించింది. మావాళ్లలో ఒకడు ఆనందంతో నా చేయి పట్టుకొని, "సూడండి, ముసల్ది," అన్నాడు.

నేను నేరుగా పరాంకుశం గారి దగ్గరకు వెళ్లి సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించారు.

"మీరు చెప్పేది, పడమటి దళానికి తూర్పు దళం జవాబిస్తోందని."

"అవునండీ."

"తూర్పు దళానికి పడమటి దళం."

"అవును."

"చూశారా మాస్టారూ, పిలుపు నాణ్యత ఎంత సహజంగా ఉందో. శిక్షణ పొందిన సిబ్బందే జింక అని భ్రమపడ్డారంటే, ఏ శిక్షణా లేని జింక భ్రమపడకుండా ఎలా ఉంటుంది?"

తర్కంలో ఇటువంటి దెబ్బ నాకు వృత్తి జీవితంలో ఎన్నడూ తగల్లేదు. నేను ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగాను.

వచ్చిన జవాబులన్నీ కూడి జింకల గణన పూర్తి చేశారు. దాని ప్రకారం పావురాలకోనలో జింకల సంఖ్య ఎంతో పెరిగింది, అన్నీ అడవిలోపలే ఉన్నాయి, పిలిస్తే పలుకుతున్నాయి. జింకలన్నీ లోపలే ఉన్నప్పుడు కంచె దేనికి? సుంకులమ్మ అర్జీ మీద "అవసరము లేనందున ముగించడమైనది" అని రాశారు.

నిజానికి జరిగినది వేరు. అడవిలో పగలంతా మనుషులు గుర్రుమంటూ, కొమ్ములు తాటిస్తూ, దగ్గుతూ ఉంటే, జింకలు ఏ బుద్ధి గల జీవమైనా చేసే పని చేశాయి. ప్రశాంతమైన చోటు వెతుక్కున్నాయి. డబ్బాలు మోగరాదని ఉత్తర్వు ఉన్న నక్కలవాగు చేలు ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా ప్రశాంతమైన చోటు. పైగా అక్కడ లేత శనగ ఉంది.

ఒక ఉదయం సుంకులమ్మ టిఫిన్ గిన్నె ఒకటి తెచ్చి పరాంకుశం గారి బల్ల మీద పెట్టి మూత తీసింది. ఆయన ఫలహారమనుకొని ముందుకు వంగారు. వెంటనే వెనక్కి జరిగారు.

"ఏమిటిది?"

"పెంటికలు సార్. జింకలవి. తెల్లార్తో నా సేన్లో ఏరుకొచ్చినా."

"మీ చేనిలో జింకలు ఉండే అవకాశం లేదమ్మా. రికార్డు ప్రకారం అవి అడవిలో ఉన్నాయి."

"అయితే నా సేన్లో మేసేటివి ఎవురు సార్, మీ ఆఫీసోళ్లా?"

ఆయన, అప్పుడు అక్కడే కూర్చుని ఉన్న నా వైపు చూశారు. నేను గిన్నెలోకి చూసి, ఇవి జింక పెంటికలే, నిన్న రాత్రివే అన్నాను.

"నిన్న రాత్రివి," అన్నారు పరాంకుశం గారు, ఆ మాటనే పట్టుకొని. "విసర్జన గతానికి సంబంధించిన సాక్ష్యం. శాఖ వర్తమానాన్ని మాత్రమే విచారించగలదు. అయినా మీకు అన్యాయం జరగనివ్వను. మీ చేనిలోనే పిలుపు విచారణ జరిపిస్తాను. చేను చుట్టూ దళాలను నిలిపి నిర్ణీత పద్ధతిలో పిలిపిస్తాం. జింక ఉన్నచో వచ్చును. రానిచో లేదు. ఇంతకన్నా శాస్త్రీయంగా ఎవరు చేస్తారో చెప్పండి మాస్టారూ."

సుంకులమ్మ గిన్నె మూత పెట్టింది. "మేస్తాండే దాన్ని మేస్తాండావా అని అడిగేకి ఇంతమందా," అంటూ వెళ్లిపోయింది.

విచారణ వారం పాటు జరిగింది. పొద్దు వాలేసరికి రెండు దళాలూ చేను నాలుగు వైపులా దిగేవి. గొట్టాలు గుర్రుమనేవి, రబ్బరు బుడ్డులు ఏడ్చేవి, కొమ్ములు టకటకలాడేవి. జింకలు ఎక్కువగా రాత్రిపూట మేస్తాయని నేను చెప్పిన మాటను మన్నించి, తెల్లవార్లూ వంతులు వేశారు. మొదటి సాయంత్రం నేను, సుంకులమ్మ గట్టు మీద కూర్చొని చూస్తుండగా అడవి అంచున ఒక జింక తల పైకెత్తింది. చెవులు రెండూ ఇటు తిప్పింది. ఈ లోకంలో ఇంత గొడవ పడే జింకలు ఎక్కడివా అన్నట్లు కాసేపు విన్నది. తర్వాత తోక ఎత్తి, తెల్లటి అడుగు భాగం చూపించి, వచ్చిన దారినే పోయింది.

"విచారణ అధికారులు చూశారా?" అని మద్దిలేటిని అడిగాను.

"కూసేటప్పుడు కండ్లు మూసుకోమని శిక్షణలో సెప్పినారు అయ్యోరా. భావం వస్తాదని."

వారం చివర తీర్పు వచ్చింది. చేనిలో జింకలు లేవు, ఫిర్యాదు కొట్టివేయడమైనది. తీర్పు చదివి వినిపించినప్పుడు సుంకులమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. బయటికి వచ్చి, కార్యాలయం ఎదుట టీ బంకు దగ్గర నిలబడింది. నేను వెనకాలే వెళ్లాను.

"అయ్యోరా, ఈ వారం సేన్లో ఒక్క ఆకు తెగల్యా."

"చూశాను. మునుపు కొరికిన చోటల్లా కొత్త కొమ్మలు వేసింది."

"కొట్టేసినారని ఏడ్సాల్నా, నవ్వాల్నా?"

"ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని తీర్పు కింద రాసి ఉంది."

"అప్పీలంటే?"

"మళ్లీ విచారిస్తారు."

ఆమె టీ గ్లాసును బల్ల మీద పెట్టింది. "మళ్లీనా? ఆ గొట్టాలు, కొమ్ములు, ఆ జనం, అంతా మళ్లీ వస్తారా?"

"ఈసారి ఇంకా ఎక్కువమంది వస్తారు. పై విచారణ కదా."

"ముప్పై దినాలు ఎందుకు. మీ పెన్ను ఇట్లియ్యండి," అంది.

ఆ రోజు నుంచి సుంకులమ్మ ఓడిపోవడంలో ఆరితేరింది. తీర్పు వచ్చిన పూటే అప్పీలు పడేది. కార్యాలయంలో ఆమె కోపం చూస్తే, న్యాయం కోసం ప్రాణం విడిచేలా ఉండేది. ప్రతి అప్పీలుకూ విచారణ స్థాయి పెరిగింది. పొరుగు డివిజన్ నుంచి అదనపు దళం వచ్చింది. తర్వాత కొమ్ములు తాటించే ప్రత్యేక బృందం వచ్చింది. ఆ తర్వాత, దూరాన ఉన్న జింకలకు సమాన అవకాశం కల్పించే ఉద్దేశంతో, మైకు పెట్టారు. నక్కలవాగులో చంటిపిల్లలు జోలపాటకు బదులు గుర్రు వింటూ నిద్రపోవడం నేర్చుకున్నారు. ప్రతి విచారణలోనూ జింకలు లేవనే తేలింది. ప్రతి తీర్పూ సత్యమే.

కొద్ది రోజులకు పక్క చేను మౌలాలి వచ్చాడు. "అక్కా, నీ కేసు పుణ్యాన జింకలన్నీ నా సేన్లో పడినాయి. ఇంగ నేను మట్టి తినాల్సిందే."

"నువ్వూ ఎయ్యప్పా కేసు."

"గెలుస్తానా?"

"గెలిస్తే సెడిపోతావు. ఓడిపోయేది నేను నేర్పిస్తా, కూసో."

మౌలాలి వేశాడు. అతని పక్కవాడు వేశాడు. అడవి అంచున చేను ఉన్న ప్రతి రైతూ వేశాడు. ఫిర్యాదులన్నిటినీ ఏకకాలంలో విచారించడానికి శాఖ తన సిబ్బందినంతా, చివరికి కార్యాలయంలో టైపు కొట్టేవారితో సహా, చేలగట్ల మీదికి దింపింది. అడవిలో ఒక్క ఉద్యోగి మిగలలేదు. పావురాలకోన మళ్లీ నిశ్శబ్దమైంది. జింకలు ఎవరి పిలుపూ లేకుండా, తమంతట తామే, అడవిలోకి వెళ్లిపోయాయి.

శనగ కాయ పట్టింది. లోపల గింజ గట్టిపడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం పరాంకుశం గారి జీపు వచ్చి సుంకులమ్మ చేను దగ్గర ఆగింది. ఆయన చేతిలో మిఠాయి పొట్లం ఉంది. పైరుకు నీళ్లు పారినట్లు ఆయన ముఖంలో దయ పారుతోంది. గింజ సంగతి చూడటానికి నేనూ అక్కడే ఉన్నాను.

"సుంకులమ్మా, శుభవార్త," అన్నారు. "న్యాయం కోసం మీరు చేస్తున్న అలుపెరుగని పోరాటాన్ని శాఖ మానవీయ కోణంలో పరిగణించింది. మీ అప్పీలును ఆమోదిస్తున్నాం. మీ చేనిలో జింకలు ఉన్నవని శాఖ అధికారికంగా అంగీకరిస్తుంది. విచారణ ముగిసింది గనుక రేపటి నుంచి దళాలను ఉపసంహరిస్తాం."

సుంకులమ్మ చేతిలోని కొడవలి కిందికి దిగింది. "కంచె?"

"దస్త్రం పై కార్యాలయానికి వెళ్తుంది. వచ్చే ఏడు కాక పై ఏడు పరిశీలనకు రావచ్చు."

ఆమె చేను వైపు చూసింది. కాయ ఇంకా పచ్చిగానే ఉంది. కోతకు ఇంకా వారాలు పడుతుంది. కాపలా లేని శనగచేను సంగతి అడవికి తెలియడానికి ఒక్క రాత్రి చాలు. తెలిస్తే చేను మరిదికి, ఆమె మిరప తోటకు.

"వద్దు సార్," అంది.

"ఏం వద్దు?"

"న్యాయం. నాకొద్దు. కొట్టేయండి."

"అమ్మా, మీరు గెలిచారు."

"నేనెప్పుడన్నా గెలిపించమని అడిగినానా సార్? ఇన్ని దినాలూ సక్కగా కొట్టేస్తాంటిరి. ఇప్పుడేం పాపం సేసినా?"

పరాంకుశం గారు బాధపడ్డారు. కృతజ్ఞత తెలియని ప్రజల గురించి ఆయనకు శిక్షణలో చెప్పి ఉంటారు. సంచిలోంచి కాగితం తీసి నా చేతికిచ్చారు. "ఈమెకు సంతోషంతో నోట మాట రావడం లేదు. మీరు నిపుణులుగా సంతకం పెట్టండి మాస్టారూ. చేనిలో జింకలు ఉన్నవి, అంతే."

"లేవండీ," అన్నాను.

"ఏమిటి లేవు?"

"జింకలు. ఈ చేనిలో చాలా వారాలుగా ఒక్క జింకా అడుగు పెట్టలేదు. నేను రోజూ గట్టు చుట్టూ తిరుగుతున్నాను. అడుగుజాడ లేదు, పెంటిక లేదు, కొరికిన ఆకు లేదు."

"కార్తీకంలో నా బల్ల దగ్గర నిలబడి, జింకలున్నాయని మీరే కదా వాదించారు?"

"అప్పుడు ఉన్నాయి. అందుకని ఉన్నాయన్నాను. ఇప్పుడు లేవు."

"ఒక్క మాట రాయడానికి ఇంత పట్టుదలేమిటండీ? ఆమెకు మేలు చేయడం కోసమే కదా."

"దేవుడుండాడని రాయమన్నా రాయని మనిషి సార్ ఈయన," అంది సుంకులమ్మ, సందు దొరకగానే. "జింకలుండాయని రాస్తారా? ఊర్లో ఎవురినన్నా అడగండి. మీరు ఆ మిఠాయి ఇట్లిచ్చి, నా అర్జీ కొట్టేయండి."

పరాంకుశం గారు కాగితాన్ని చూశారు, నన్ను చూశారు, గట్టు మీద కళ్లు మూసుకొని గొట్టం పట్టుకున్న మద్దిలేటిని చూశారు. నిపుణుని సంతకం లేనిదే ఆమోదం చెల్లదు. తిరస్కరించడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఏ శాఖలోనైనా నియమాలు ఇంతే తెలివిగా ఉంటాయి.

"అభిప్రాయ భేదము ఏర్పడినందున," అని ఆయన చెబుతుంటే పక్కనున్న గుమాస్తా రాసుకున్నాడు, "సత్యము నిర్ధారణ అగు వరకు, అనగా పంట నూర్పిడి ముగియు వరకు, సదరు చేనులోను, తత్సమానమైన ఇతర చేలలోను నిరంతర విచారణ కొనసాగించవలెను."

"అన్యాయం సార్," అంది సుంకులమ్మ, అలవాటు కొద్దీ.

ఆయన జీపెక్కి వెళ్లిపోయాక మిఠాయి పొట్లం విప్పి, దళం వారందరికీ తలా ఒకటి పంచింది. మద్దిలేటికి రెండిచ్చింది. "గట్టిగా కుయ్యప్పా. నిన్న సందకాడ నీ గొంతు ఉత్తరం దిక్కు ఇనపడల్యా."

"రొంప తగ్గల్యా అక్కా."

"మిరియాల కసాయం పంపిస్తా. కుయ్యి."

పంట చేతికొచ్చింది. నక్కలవాగు ఆ ఏడు చూసినంత శనగ అంతకు ముందు చాలా ఏళ్లుగా చూడలేదు. నూర్పిడి రోజున దళాల వారు కూడా పాత అలవాటు మానలేక అటో గుర్రు, ఇటో గుర్రు అంటూనే బస్తాలు ఎత్తడానికి సాయం పట్టారు. సుంకులమ్మ మరిది కౌలు సంగతి కదుపుదామని వచ్చి, కళ్లం చూసి, మజ్జిగ తాగి పోయాడు. గుంటూరు వెళ్లే కూలీల లారీ ఊళ్లోకి వచ్చినప్పుడు ఆమె దాని వైపు తిరగనైనా తిరగలేదు. చివరి అప్పీలు కూడా కొట్టివేయడమైనదని మద్దిలేటి కాగితం తెచ్చిస్తే, దాన్ని పసుపు కుంకుమ పెట్టి దాచుకుంది.

పథకం ఫలితాలపై పరాంకుశం గారి నివేదికను పై కార్యాలయం ఎంతో మెచ్చుకుంది. అందులో రాసినదంతా వాస్తవమే. పథకానికి ముందు జింకలు చేలలో ఉండేవి, పథకం తర్వాత అడవిలో ఉన్నాయి, రైతులకు పంట దక్కింది. ఆయనకు పదోన్నతి వచ్చింది. పొరుగు జిల్లాలో ఎలుగుబంట్లను పిలిచే పథకానికి ఇప్పుడు ఆయనే సలహాదారు. అక్కడ కూసేవారి ఎంపిక ఇంకా పూర్తికాలేదని, అభ్యర్థులు తక్కువగా వస్తున్నారని విన్నాను.

నక్కలవాగులో నమ్మకం మునుపటికన్నా బలపడింది. పూర్వపు వేటగాళ్లే కాదు, మొన్నమొన్నటి పెద్దాఫీసరు కూడా ఒక్క ఊపిరి ఊదితే జింకల మంద మందంతా కొండ దిగివచ్చి ఆయన జీపు ముందు తల వంచి నిలబడిందని చెబుతున్నారు. చూసినవాడు పక్క ఊరిలో ఉన్నాడట.

ఆ శీతకాలమంతా, అడవిలోనూ చేలలోనూ, మనుషులు కూసిన కూతలకు మనుషులు మాత్రమే పలికారు. జింక ఒక్కటి కూడా రాలేదు.